థర్‌గుడ్ బాబు ఆపేసిన నురగ

ఆంబ్రోస్ థర్‌గుడ్ బాబు వాళ్ల తాత మా ఊళ్లో బీరు బట్టీ పెట్టాడు. తండ్రి దాన్ని రెండింతలు చేశాడు. మూడోతరం వాడు ఊరంతటికీ మత్తు పంచిన ఆ ఇంట్లోనే పుట్టి, ఊరంతటినీ బాగుచేస్తానని బయల్దేరాడు. మా ఇల్లు బట్టీ గేటుకు సరిగ్గా ఎదురు. కిటికీ తెర కాస్త జరిపితే చాలు, వాళ్లింట్లో ఎవరు తుమ్మారో తెలుస్తుంది. నేను మాత్రం గాలి కోసమే జరుపుతాను.

చిన్నప్పుడు బట్టీ వాసనంటే ఆయనకు తలనొప్పి. ఆ బట్టీ డబ్బుతోనే పెద్ద చదువులు చదివాక తలనొప్పి కాస్తా సిద్ధాంతమైంది. పార్లమెంటుకు వెళ్లి మా వీధి మురుగుకాలవ గురించి రెండు గంటలు మాట్లాడాడు. కాలవ అలాగే ఉంది, ప్రసంగం మాత్రం అచ్చయింది. సంత మధ్యలో మంచినీళ్ల కొళాయి కట్టించి, నీళ్లకంటే ముందు దాని మీద తన పేరు వచ్చేలా చూసుకున్నాడు. రహస్యంగా ఓటు వేసే చట్టం కోసం గొంతు చించుకున్నాడు. "ఇక ఏ పనివాడూ యజమానికి భయపడి ఓటెయ్యక్కర్లేదు!" అన్నాడు. తానూ ఒక యజమానేనన్న సంగతి ఆ ఊపులో గుర్తు రాలేదు కాబోలు.

చట్టం వచ్చింది. ఆ పద్ధతిలో మొదటి ఎన్నికా వచ్చింది. ఎదురు నిలబడ్డ జమీందారుకు వేటకుక్కల గురించి తప్ప ఏమీ తెలియదు. ఆంబ్రోస్ బాబు గెలుస్తాడని ఊరంతా అనుకుంది. ఆయన ఊరికంటే ముందే అనుకున్నాడు.

ఎన్నికకు మూడు వారాల ముందు ఆయన కన్ను శనివారం నురగ మీద పడింది.

వాళ్ల తాత నాటి నుంచి శనివారం పొద్దున్నే ఆడవాళ్లం కూజాలు పట్టుకుని బట్టీ గేటు దగ్గర నిలబడేవాళ్లం. పులిసే బీరు మీద తేలే నురగను మాకు ఊరికే పోసేవాళ్లు. అది కలిపితేనే రొట్టె పిండి పొంగేది. ఎవరి కాపురం ఎలా ఉందో కూడా ఆ వరసలోనే తెలిసేది.

ఆ శనివారం గేటు మూసి ఉంది. బాబు టోపీ తీసి, "అమ్మలారా, దానం పుచ్చుకోవడం మీ ఆత్మగౌరవానికి లోటు. పైగా, బీరు మడ్డి మీ వంటిళ్లలోకి ఎందుకు?" అన్నాడు.

పక్కింటి కెజయా ఊరుకోలేదు. "మరి పిండి పొంగేదెట్లా బాబూ? మీ ప్రసంగం కలపమంటారా?"

"వద్దే, గిన్నె దాటి పొర్లిపోతుంది," అన్నాను నేను.

ఆయన జాలిగా నవ్వాడు. "ఇలాంటివి ఆడవాళ్లకు అర్థమయ్యే కాలం ఇంకా రాలేదు టాబితమ్మా. రాజకీయాలు మీకెందుకు?"

నిజమే, మాకు ఓటు లేదు. రొట్టె మాత్రం మేమే కాలుస్తాం.

మూడు వారాలు మగవాళ్లు ఇటుకలు నమిలారు. బట్టీలో పీపాలు బిగించే మా ఆయన హోసియా రొట్టెను బల్లకేసి కొట్టి, "ఏముందే ఇందులో?" అన్నాడు.

"ఆత్మగౌరవం. నమలండి."

ఎన్నిక ముందురోజు బాబు ఓటడగడానికి మా గడప తొక్కాడు. మర్యాదకు ఒక ముక్క పెట్టాను. కొరికాడు. రొట్టెకేమీ కాలేదు. దవడ పట్టుకుని కాసేపు ఆలోచించి, "పిండిలో కల్తీ ఉన్నట్టుంది. పార్లమెంటులో నిలదీస్తాను!" అన్నాడు.

అంత చదువు చదివినవాడికి రొట్టె ఎలా పొంగుతుందో ఎవరూ చెప్పినట్టు లేదు.

పద్దెనిమిది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. బట్టీలోనే రెండు వందల ఓట్లున్నాయి మరి. మర్నాడు గేటు దగ్గర మా ఆయన్ని ఆపి, "నిజం చెప్పు హోసియా, నాకే వేశావా?" అన్నాడు.

"అది రహస్యం కదండీ బాబుగారూ! దానికోసం మీరెంత కష్టపడ్డారు!"

నురగ సంగతి చివరికి ఎవరు చెవిన వేశారో, ఆ శనివారం గేటు తెరిచారు. చొక్కా చేతులు మడుచుకుని, పెద్ద గరిటె పట్టుకుని బాబే స్వయంగా నిలబడ్డాడు. పొయ్యడం రాక సగం తన బూట్ల మీదే పోసుకుంటున్నాడు. నా వంతు వచ్చినప్పుడు గొంతు తగ్గించి, "టాబితమ్మా, మీ ఆయన ఎవరికి వేశాడు? మీకు తెలియకుండా ఉండదు," అన్నాడు.

తెలుసు. వీధిలో ప్రతి మగాడి ఓటూ నాకు తెలుసు. తెలిసిన సంగతి కడుపులో దాచుకోవడం నాకు అదే మొదలు, ప్రాణం మీదికి వచ్చినంత పనైంది.

"రాజకీయాలు మాకెందుకు బాబూ? ఇంకో గరిటె పొయ్యండి."

పోశాడు.