గీత తొక్కకుండా

ముగ్గు పిండి వాసన తగిలితే నాకు ఇప్పటికీ చెవి మండుతుంది. తొంభైల్లో, బందరు రోడ్డు పక్కన మా కాలనీలో పార్కుకని వదిలిన స్థలంలో ఒకరోజు మేస్త్రీ గడులు గడులుగా ముగ్గు పోశాడు. పిల్లల కోసమే అనుకుని నేను తొక్కుడుబిళ్ళ మొదలుపెట్టాను. కాలనీ ప్రెసిడెంటు గారొచ్చి నా చెవి మెలేశారు.

“పార్కూ లేదు, గీర్కూ లేదు. ఇది మా హాలు, దిగు!”

మూడంతస్తుల ఇల్లు లేచింది. నేను మర్చిపోలేదు. పాత లేఅవుట్ ప్లానులో ఆ స్థలం ఇంకా పచ్చరంగులోనే ఉంది.

టౌన్ ప్లానింగ్ అధికారిగా నిన్న వెళ్ళి, కూల్చాల్సిన చోటని ఆయన హాలు మధ్యలో నేనే ముగ్గు పోయించాను.

“ఏంటమ్మా ఇది?” అన్నారాయన.

“పార్కండీ,” అని, గీత తొక్కకుండా ఒంటికాలి మీద గెంతి బయటికొచ్చాను.