వదిన ఆల్టర్నేటర్ బిగించిన రోజు

మా వదిన నోరు మంచిది కాదు. ఈ మాట నేనన్నానని తెలిసినా ఆవిడ ఏమీ అనుకోదు. తనే పదిమందికీ గొప్పగా చెప్పుకుంటుంది. స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు కుడుతుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లని కూడా వదలదు. "నడుమెక్కడుందో నువ్వే చూపించు తల్లీ, నా టేపుకి దొరకట్లేదు" అంటుంది. అయినా జనం ఆవిడ దగ్గరికే వస్తారు, కుట్టు అలాంటిది. టాక్సీ నడిపే మా అన్నయ్య పోయాక ఆవిడకి మిగిలింది ఆ కుట్టుమిషనూ, అన్నయ్య చివర్లో కొన్న సొంత కారూ, నేనూ. అందులో అస్తమానం రిపేరుకొచ్చేది నేనే.

నా రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు వంతెన అవతల డయాలసిస్ సెంటర్లో మిషను నా రక్తం కడగాలి. తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరందదు. నన్ను తీసుకెళ్లడానికే వదిన డ్రైవింగ్ నేర్చుకుంది. నేర్పినవాడు ఎలా బతికి బయటపడ్డాడో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంకో సంగతి. నాకు నీళ్లు కొలత ప్రకారమే. అందుకని మా ఇంట్లో నా ఎదురుగా ఎవరూ నీళ్లు తాగరు. ఎవరూ అంటే వదినే, ఇంకెవరున్నారు! ఆవిడ సీసా వంటగదిలో గ్యాస్ బండ వెనకాల ఉంటుంది. గబగబా నాలుగు గుక్కలు తాగి, మూతి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు వస్తుంది. "దొంగ నీళ్లు తాగొచ్చావా?" అని నేనేడిపిస్తే, "పోవే, నేను ఒంటెని, నాకు దాహమే వెయ్యదు" అంటుంది.

ఆరోజు రవాణా సమ్మె రెండో రోజు. బస్సుల్లేవు, టాక్సీల్లేవు, గ్యారేజీల షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. అంబులెన్సుకి ఫోన్ చేస్తే "దయచేసి వేచి ఉండండి" అని ఒకటే పాట. అంతకుముందు సారి బీపీ పడిపోయిందని నన్ను మధ్యలోనే మిషను మీంచి దించేశారు. దాంతో ఆ పొద్దుటికే కాళ్లు ఉబ్బిపోయాయి. పడుకుంటే ఊపిరాడట్లేదు. సెంటర్లో నర్సు ఫోన్లో ఒకటే చెప్పింది: "సాయంత్రంలోపు తీసుకొచ్చెయ్యండి. రేపటిదాకా ఆగే కేసు కాదు."

ఇక మా కారు సంగతి. ఇంజను తిరుగుతున్నంతసేపూ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది ఆల్టర్నేటర్. అది వారం కిందటే పోయింది. అప్పట్నుంచీ టాక్సీల్లో తిరుగుతున్నాం. మెకానిక్ ఇంకోటి తెచ్చి గోనెసంచిలో మా ఇంట్లో పెట్టి, "ఆదివారం వచ్చి బిగిస్తానక్కా" అన్నాడు. ఆదివారం కంటే ముందు సమ్మె వచ్చింది. ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తడు.

"నేనే బిగిస్తా" అంది వదిన, అన్నయ్య పనిముట్ల పెట్టె ఈడ్చుకొస్తూ.

"నీకొచ్చా?"

"ఏళ్ల తరబడి పక్కన నిలబడి టార్చి పట్టుకున్నదాన్ని, ఆ మాత్రం రాదా? ఏది ఎప్పుడు విప్పాలో తెలియదని మీ అన్నయ్య నన్ను తిట్టని రోజు లేదు. ఆ తిట్లన్నీ గుర్తున్నాయి. వరసగా చేసుకుపోతా."

నా కుర్చీని కారు పక్కనే, రేకుల షెడ్డు కింద వేసింది. లోపల కూర్చుంటానంటే ఒప్పుకోలేదు. "నా కళ్లెదురుగా ఉండు. నీ ఊపిరి నాకు వినబడాలి" అంది.

ముందు బ్యాటరీ వైరు తీసింది. బెల్టు వదులు చేసింది. చిన్న బోల్టు వచ్చింది కానీ పెద్దది తుప్పు పట్టి కదలనంది. స్పానర్ మీద ఒళ్లంతా వేసి వేలాడింది. అది జారి, వేళ్లు ఇనుముకి కొట్టుకుని చర్మం లేచిపోయింది. "నీ మొహం మండ!" అని బోల్టుని తిట్టి, కుట్టుమిషను నూనె తెచ్చి ధారగా పోసింది. ఎండ ముదిరింది. రేకులు సెగలు కక్కుతున్నాయి. ఆవిడ గడ్డం మీంచి చెమట ఇంజనులోకి కారుతోంది. పెదాలు తెల్లగా ఎండిపోయాయి.

"లోపలికెళ్లి నీళ్లు తాగి రా వదినా."

"దాహం లేదు."

"అబద్ధం."

"నోరు మూసుకుని ఊపిరి తీసుకో" అంది. ముక్కుతో సగం ఊపిరి కూడా అందక, నేను నోరు తెరుచుకునే కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక బోల్టు కదిలింది. పాత ఆల్టర్నేటర్ ఊడింది, కొత్తది దాని చోట్లో కూర్చుంది. పెద్ద బోల్టు ఎక్కించబోతే, నూనే రక్తమూ అంటిన వేళ్లలోంచి జారి ఇంజను లోపలెక్కడో టంగుమని పడింది. వదిన నేలమీద చతికిలబడింది. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ఆవిడ నోట తిట్టు రాకపోయేసరికి నాకు గుండె జారిపోయింది.

"ఇక వదిలెయ్యి వదినా" అన్నాను, మాట మాటకీ ఆగుతూ. "నా ఖర్మ ఇంతే. నీకూ కాస్త విశ్రాంతి..."

"ఇంకొక్క మాటన్నావంటే ఈ స్పానర్‌తో పళ్లు రాలగొడతా!"

లేచి లోపలికెళ్లింది. నీళ్ల కోసమేమో అనుకున్నాను. అంతలోనే పరిగెత్తుకుంటూ వచ్చేసింది. కిందపడ్డ గుండుసూదులు ఏరే అయస్కాంతం చేతిలో ఉంది. దాన్ని కొలత టేపు కొసకి కట్టి ఇంజను సందుల్లోకి దించింది. చాలాసేపు ఏమీ తగల్లేదు. చివరికి టేపు బరువెక్కింది. "దొరికావా దొంగ వెధవా!" అని బోల్టుని పైకి లాగింది.

బోల్టులు బిగించి, బెల్టు ఎక్కించి, కుట్టుమిషను బెల్టుని చూసుకున్నట్టే బొటనవేలితో నొక్కి చూసుకుంది. వైరు పెట్టి తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే బ్యాటరీ బొమ్మ టక్కున ఆరిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. "వంతెన మీద ఆగిపోతే మన గతేంటి? మీ అన్నయ్య చేసే పరీక్ష ఒకటి చేసేద్దాం" అంది. అన్నయ్య తన పాత టాక్సీకి ఎప్పుడూ అలాగే చేసేవాడు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకేసేవాడు. అయినా నడిచిందంటే ఆల్టర్నేటర్ మంచిదని లెక్క. ఆయన మీద ఉన్న నమ్మకంతో వదిన వైరు పీకింది. ఇంజను ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. కాలిన వాసన వచ్చింది. వైరు పెట్టి మళ్లీ స్టార్ట్ చేస్తే ఎర్రబొమ్మ వెలిగింది. ఎంతసేపటికీ ఆరలేదు.

తీరా అప్పుడెత్తాడు మెకానిక్ ఫోను. "వైరు పీకావా? అయ్యో అక్కా! పాత బళ్లకి చెల్లిందది. ఈ బండికి అలా పీకితే ఆల్టర్నేటర్ లోపలుండే ఎలక్ట్రానిక్ కార్డు కాలిపోతుంది. ఇప్పుడది పనికిరాదు. బ్యాటరీలో చార్జి ఉన్నంతసేపే బండి నడుస్తుంది, వంతెన కూడా దాటదు."

ఫోను వదిన చేతిలోంచి కిందపడింది. "నన్ను నమ్మి వదిలి వెళ్లాడే నిన్ను! నా చేతులారా నేనే చంపుకుంటున్నానే!" అని బానెట్‌కేసి తల బాదుకుంది. వదిలెయ్యమని ఇందాక అన్నది ఒట్టి మాట. నాకు బతకాలని ఉంది. ఇంకా చాలా ఏళ్లు ఈవిడ చేత తిట్లు తింటూ బతకాలని ఉంది.

అంతలో వీధిలో కరెంటు పోయింది. లోపల్నుంచి ఇన్వర్టర్ కీచుమంది. వదిన తలెత్తింది. కరెంటు పోయినా కుట్టుమిషను మోటారు ఆగకూడదని పెట్టించుకున్న ఇన్వర్టర్ అది. దాని బ్యాటరీ కారు బ్యాటరీకి రెండింతలుంటుంది.

"డ్రిల్లు మేష్టారూ! ఓ మేష్టారూ! ఒకసారి రండి!"

ఎదురింటి రిటైరైన డ్రిల్లు మేష్టారు, నడుం నొప్పి అంటూనే వచ్చారు. "ఒకటి, రెండు, ఎత్తు!" అని ఆర్డరు ఆయనది, బరువు వదినది. ఆ బ్యాటరీని కారులో నా కాళ్ల దగ్గర పెట్టారు. అన్నయ్య పెట్టెలోని లావుపాటి తీగలు కిటికీలోంచి లాగి కారు బ్యాటరీకి కలిపింది. తీగలు అడ్డమొచ్చి బానెట్ మూతపడకపోతే కర్టెన్ గుడ్డ చింపి కట్టేసింది. "పొద్దున్నే తట్టి చావలేదు ఈ మట్టి బుర్రకి!" అని తనని తనే తిట్టుకుంది. తిట్లు మళ్లీ మొదలైనందుకు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

బయల్దేరాం. ఫ్యాను లేదు, లైట్లు లేవు. హారన్ కొడితే కరెంటు ఖర్చని, అడ్డమొచ్చిన ప్రతివాడినీ కిటికీలోంచి తల బయటపెట్టి నోటితోనే తప్పించింది. ఆ నోటికి దారివ్వనివాడు లేడు. వంతెన మీద నా గోళ్లు నీలంగా మారడం చూసింది. "మాట్లాడవే! నన్ను తిట్టు, ఏదో ఒకటి అను!" అని అరిచింది. చెయ్యి చాపి ఆవిడ భుజం మీద వేశాను. సెంటర్ గేటు దాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

నర్సులు నన్ను మోసుకెళ్లి మిషను తగిలించారు, ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. చాలాసేపటికి ఊపిరి లోపలిదాకా వెళ్లింది. అప్పుడు పక్కకి చూశాను. వదిన స్టూలు మీద గోడకి జారగిలబడి ఉంది. ముఖం పాలిపోయింది. నర్సు చూసి, "పొద్దున్నించీ మీరేమైనా తాగారా?" అని నీళ్లసీసా చేతిలో పెట్టి వెళ్లింది. వదిన మూత తీసింది. నా వంక చూసింది. మళ్లీ మూత పెట్టేసింది.

"తాగు" అన్నాను.

"బయటికెళ్లి తాగుతాలే." లేవబోయి మళ్లీ కూలబడింది.

పొద్దుటి నుంచీ ఆ ఎండలో ఒక్క గుక్క తాగలేదు మనిషి. నన్ను కళ్లెదురుగా కూర్చోబెట్టుకుంది, నేను చూస్తుంటే తాగలేదు, నన్ను వదిలి లోపల నిలబడలేదు.

"వదినా, నా ఎదురుగానే తాగు."

"నీకు ప్రాణం లాగేస్తుందే."

"లాగనీ. నువ్వు తాగకపోతే ఈ సూదులు పీకేస్తా. పీకడం మనింట్లో అలవాటేగా."

నవ్వబోయి ఏడ్చేసింది. తర్వాత సీసా ఎత్తి గటగటా తాగింది. గొంతులో నీళ్లు దిగే చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. ఆ చప్పుడు విని ఎన్నేళ్లయిందో. నా నాలుక పిడచ కట్టుకుపోయి ఉంది, అయినా కళ్లు తిప్పుకోలేదు. సీసా ఖాళీ అయ్యాక నర్సుని పిలిచి ఇంకోటి తెమ్మన్నాను.