యాదగిరి మామ టెస్టరు

వంటింటి సొరుగు లాగితే ఇప్పటికీ ఒక పసుపు పిడి టెస్టరు కనబడుతుంది. పిడి పగిలింది, మొన తుప్పు పట్టింది. అయినా చేతిలోకి తీసుకోగానే మా చందానగర్ అద్దె ఇంటి వాసన, తడిసిన గోడలు, నానిన మినప్పప్పు, కాలిన ఫ్యూజు తీగ అన్నీ కలిసిన ఆ వాసన, ముక్కుకు తగులుతుంది.

ఆ ఇంట్లో దసరా సెలవులంటే నాకు రెండిళ్ల పండగ. ఇంటి ఓనరు యాదగిరి మామ బోరు మోటార్లు బాగుచేసేవాడు. వాళ్లావిడ సద్దుల బతుకమ్మ నాడు గిన్నెడు సత్తుపిండి పంపితే, అమ్మ అదే గిన్నెలో వేడి గారెలు పెట్టి తిప్పి పంపేది. గిన్నె మోసేది నేనే కనక మెట్ల మీదే ఒక గారె మాయమయ్యేది.

ఒక ఏడాది గారెల పిండికి గ్రైండరు వేసినప్పుడల్లా ఫ్యూజు పోవడం మొదలైంది. నాన్న చూసేది ఆఫీసు ఫైళ్లే గానీ, కరెంటు పనిలో తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం. లైట్లు ఆర్పాడు, ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు, పాపం రేడియోను కూడా అనుమానించాడు. చివరికి గ్రైండరు ప్లగ్గు విప్పి ఆకుపచ్చ ఎర్తు తీగను కత్తిరించేశాడు. గ్రైండరు హాయిగా తిరిగింది.

"చూశావా, దాని రోగం ఎలా కుదిర్చానో!" అన్నాడు అమ్మతో. నేను చప్పట్లు కొట్టాను. అమ్మ తడి గచ్చు మీద కూచుని, పిండి తోయడానికి తడి చెయ్యి చాపింది.

అప్పుడే సత్తుపిండి తెచ్చిన యాదగిరి మామకు ఆ తీగ ముక్క కంటబడింది.

"ఆగు చెల్లె! చెయ్యి పెట్టకు!"

గిన్నె కింద పడింది. మామ జేబులోని టెస్టరు తీసి గ్రైండరు స్టీలుకు ఆనిస్తే, అందులోని చిన్న బల్బు ఎర్రగా వెలిగింది.

"ఏంది సారూ, గిట్ల జేసిండ్రు? లోపల వైరు ఒరుసుకపోయి కరెంటంత బాడీకొస్తున్నది. ఎర్తు తీగ లేకుంటే గది ముట్టినోళ్లకే కొడ్తది. ఫ్యూజు ఇన్నిసార్లు పోయి జెప్తనే ఉన్నది గద!"

నాన్న గ్రైండరు ప్లగ్గు పీకాడు. నేల మీది సత్తుపిండిని చాలాసేపు తనే ఎత్తాడు. మామ వెళ్తూ వెళ్తూ టెస్టరును నాన్న చొక్కా జేబులో పెట్టాడు.

ఇవాళ పొద్దున ఈ కోకాపేట ఫ్లాటులో గీజరు వేసినప్పుడల్లా ఎంసీబీ స్విచ్చు పడిపోతుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను.

"ఎర్తు వైరు తీసేస్తే ఇగ పడది మేడం" అన్నాడు.

కసిరాను. తర్వాత టీ ఇచ్చి గీజరు విప్పించాను. లోపలి కాయిల్ చిల్లు పడి ఉంది, కొత్తది సాయంత్రం వేస్తానన్నాడు. ఈ పూటకు పొయ్యి మీద నీళ్లు పెట్టాను.

చందానగర్ ఇల్లు ఇప్పుడు బట్టల షోరూం. మామ లేడు. ఈ టవర్లో పక్క ఫ్లాటు వాళ్ల పేరు నాకు తెలియదు, ఇక గిన్నెలెక్కడివి? ఆ రోజు మామకు మేమెవరమూ దండమైనా పెట్టలేదు. ఇన్నేళ్లకు ఇవాళ ఈ టెస్టరు పట్టుకుని పెట్టాను.

"ఏమే, నీళ్లు కాగాయా? ఇంకా ఎంతసేపు?" బాత్రూంలోంచి డెబ్బై ఏళ్ల అమ్మ కేకేసింది.

నీళ్లు ఎప్పుడో కాగాయి. ఆ కేక ఇంకోసారి వినాలని పొయ్యి దగ్గరే కాసేపు నిలబడ్డాను.