మామ ఎత్తిన ఫోను

మొన్న మా కోడలు వంటింట్లో ఫోను నిలబెట్టి, వాళ్లమ్మతో వీడియోలో మాట్లాడుతూ అరగంటసేపు చిక్కుడుకాయలకు ఈనెలు తీసింది. ఇద్దరి మధ్యా నడిచిన మాటలు మహా అయితే ఐదారు. మిగతాదంతా అవతల ఆమె టీవీ చూడటం, ఇవతల ఈమె చిక్కుడుకాయలు చూడటం. వచ్చిన ఫోనుకు కూడా నిమిషానికింత అని బిల్లు కట్టిన నా ఈడువాళ్లకు, అది చూస్తే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

తొంభైల చివర్లో సెల్ ఫోను మా సిద్దిపేటకు వచ్చినప్పుడు, మా చుట్టాల్లో మొదట కొన్నవాడు బట్టల దుకాణం నడిపే మా మేనమామ. నెత్తిమీద చిన్న కొమ్ములాంటి యాంటెన్నా, నడుముకు తోలు సంచి. సిగ్నల్ మాత్రం మేడ ఎక్కితేనే. కొన్నాడే గాని ఎత్తేవాడు కాదు. మోగితే నంబరు చూసుకొని, ఎర్ర మీట నొక్కి, ఎస్టీడీ బూత్‌కు నడిచి అక్కడినుంచి తిరిగి చేసేవాడు. మా అత్త చేసినా అంతే. అప్పట్లో సెల్లున్న పెద్దమనుషులు చాలామంది పద్ధతి అదే: ఫోను మోగడానికి, మాట్లాడడానికి కాదు.

నాయిన పోయాక అక్క పెండ్లి మామే నెత్తినేసుకున్నాడు. పట్టపగలు ముహూర్తం. పొద్దున్నే హైదరాబాదు నుంచి రావలసిన మగపెండ్లివారి బస్సు రాలేదు. బ్యాండువాళ్లు ఎదుర్కోవడానికి ఎవరూ లేక ఒకరికొకరు వాయించుకుంటున్నారు. అయ్యగారు మంత్రాలకన్నా గడియారాన్నే ఎక్కువ చూస్తున్నాడు. అలిగిన్రు కావచ్చునని మా పెద్దమ్మ ఒక మాట వదిలింది. అది పందిరి చుట్టివచ్చేసరికి పెండ్లి వద్దన్నారట అయింది. లోపల బాసికం కట్టుకొని కూర్చున్న అక్కను నవ్విద్దామని పోయాను. నవ్వలేదు, నా చెయ్యి పట్టుకుంది. నా దగ్గర జోకులు అయిపోవడం అదే మొదటిసారి.

ఫంక్షన్ హాలు మేడమీద మామ, చేతిలో సెల్లు. అది మోగింది. కట్ చేసి, మెట్లు దిగి, ఎదురుగా ఉన్న బూత్‌కు ఉరికాడు. ఎంగేజ్. రొప్పుతూ పైకి వచ్చేసరికి మళ్లీ మోగింది. మళ్లీ కట్, మళ్లీ ఎంగేజ్. మూడోసారి నేను అడ్డం నిలబడ్డాను.

“గదే నంబరా మామా?”

“గదే. చేస్తే ఎంగేజొస్తుంది.”

“ఎందుకు రాదు? ఆళ్లు మనకే చేస్తున్నరాయె!”

“ఆళ్లు ఆపినంక చేస్త.”

“అయ్యగారిని ముహూర్తం ఆపుమను మరి.”

నాలుగోసారి మోగితే సెల్లు లాక్కొని పచ్చమీట నేనే నొక్కాను. అవతల పెండ్లికొడుకు తండ్రి, నిప్పులమీద ఉన్నాడు.

“బస్సు కమాన్ పట్టీలు ఇరిగి నడితొవ్వల ప్రజ్ఞాపూర్ల ఆగిపోయినం. బండ్లు పంపున్రి అందామంటే మొఖం మీద కట్ చేసుడేంది? గింత లెక్కలేనోళ్ల ఇంటికి ఎందుకు రావాలె? ఎనుకకే పోతం!”

మా మామ పెండ్లాం చేసినా ఎత్తడండీ అని నిజం చెప్పాను. నిజం పనిచేయలేదు. ఆయనకే ఇయ్యమన్నాడు.

మామ అలవాటుకొద్దీ ఒకసారి చేతి గడియారం చూసుకొని ఫోను చెవికి పెట్టుకున్నాడు. “తప్పైంది బావా” అన్నాడు. “బిల్లుకు భయపడి కట్ చేసిన, మీకు విలువియ్యక కాదు.” అక్కడితో ఆపుతాడనుకున్నాను; నాలుగు మాటల్లో చీర అమ్మే మనిషి. ఆగలేదు. నాయిన పోయిన ఏడాది అక్క బడి నుంచి దుకాణానికే వచ్చి బట్టల మూటలమీద నిద్రపోయేదనీ, లేపబుద్ధికాక బేరాలు గుసగుసగా చేసేవాడిననీ చెప్పాడు. సెల్లు బ్యాటరీ అయిపోతోందని కుయ్ కుయ్‌మంటోంది. “బండ్లు ఇప్పుడే ఎల్తయి బావా. మా పిల్లను ఒక్కదాన్ని పీటమీద కూసోబెట్టకున్రి” అన్నాడు. సెల్లు ఆరిపోయింది.

అవతల ఏమన్నారో తెలియదు. రెండు జీపులు, వంటసామాను తెచ్చిన డీసీఎం వ్యాను పంపించి, ఖాళీగా తిరిగొస్తే ఏం చెయ్యాలో ఎవరూ ఎవరినీ అడగకుండా నిలబడ్డాం. ముహూర్తం ముంచుకొచ్చే వేళకు డీసీఎం మలుపు తిరిగింది. వెనుక గుండిగల మధ్య పెండ్లికొడుకు, బాసికం సర్దుకుంటూ. తండ్రి దిగి నేరుగా మామ దగ్గరికి వచ్చాడు.

“నేను సరే అంటుంటే మళ్ల కట్ చేస్తివేంది బావా?”

మామ ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాడు. బ్యాండువాళ్లకు చివరికి పని దొరికింది.

తర్వాత్తర్వాత మనకొచ్చే ఫోన్లకు బిల్లు పోయింది, కొమ్ములు పోయాయి, మేడలు ఎక్కే పనీ పోయింది. మామ కూడా పోయాడు. ఆయన నంబరును కంపెనీవాళ్లు ఇంకెవరికో ఇచ్చేశారని మాకు తెలియదు. ఈమధ్య ఫోనులో ఇంకా ఉన్న ఆయన పేరుకు అక్క వేలు తగిలి కాల్ పోయిందట. చెవికి పెట్టుకునేలోపే అవతల ఎవరో హలో అన్నారట.

“మామ కాదని గప్పుడే తెలిసింది రా” అంది అక్క. “మొదటి రింగుకే ఎత్తిండు.”