అరువు గేదె, సగం ఫీజు

నా తెలివితేటల వల్ల మా మరిది చదువు గంగలో కలిసిపోబోయిన కథ ఇది. ‘పోబోయిన’ అన్నాను కదా అని నిబ్బరంగా కూర్చోకండి. ఇందులో ఒక గేదె కూడా ఉంది. గేదె అడుగుపెట్టిన చోట ఏదీ అనుకున్నట్టు నడవదు.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడ్డ రోజులు. నేను చోడవరం కాపరానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. మావారు తాలూకా కచేరీలో గుమస్తా. అత్తయ్య, మరిది సత్యం, మేమిద్దరం, అందరమూ ఆ ఒక్క జీతం మీదే. భగవంతుడి దయవల్ల ఏ పూటకి ఆ పూట లోటుండేది కాదు. మిగులూ ఉండేది కాదనుకోండి, అది వేరే సంగతి.

నేను బడి గడప తొక్కలేదు. మా నాన్నగారు అరుగు మీద కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలే నా చదువు. అందుకని కాలేజీ అన్నమాట వింటే చాలు, గుడిగంట విన్నట్టు చేతులు వాటంతటవే కలిసేవి. మా సత్యానికి విశాఖపట్నం కాలేజీలో ఇంటరుకి సీటొచ్చిన రోజు మా ఊరి వినాయకుడికి నేను పెట్టిన దండాలకి ఆయనకే విసుగొచ్చి ఉంటుంది.

సీటైతే వచ్చింది. ఫీజు, హాస్టలు ఖర్చు కలిపి చూస్తే మావారి జీతానికి ముచ్చెమటలు పట్టాయి. రెండూ మాఫీ చెయ్యమని కాలేజీ వారికి దరఖాస్తు పెట్టారు. అది కుదరకపోతే అనకాపల్లిలో ఒక బెల్లం కొట్టు వాళ్ళు సత్యాన్ని గుమస్తాగా రమ్మని అప్పటికే కబురంపారు.

“ఏం పరవాలేదు వదినా, బెల్లం కొట్లో ఈగలు తోలుకుంటూ బతికేస్తాను” అని నవ్వేవాడు. నవ్వు మూతి దాకానే వచ్చేది.

ఇంతలో కాలేజీ నుంచి కబురు: మా ఇంటి పరిస్థితి చూడడానికి ఒక మేష్టారు వస్తారట. మావారేమో క్యాంపని దేవరాపల్లి వెళ్ళి కూర్చున్నారు. భారమంతా నా మీద పడింది.

మీరే చెప్పండి. ఇల్లు చూడడానికి ఎవరైనా వస్తున్నారంటే ఆడపిల్లగా పుట్టినదానికి ఏం గుర్తొస్తుంది? పెళ్ళిచూపులే! నన్ను చూడడానికి వచ్చినప్పుడు మా అమ్మ ఊళ్ళో సగం సామాను మా ఇంట్లో సర్దింది. నేనూ ఆ తల్లి కూతురినే కదా. బడిపంతులుగారింటి కుర్చీలు తెప్పించాను. కరణంగారి గోడ గడియారం తెప్పించాను. వెండి గ్లాసు ఒకరింటి నుంచి, దుప్పటి ఇంకొకరింటి నుంచి. అంతా అయ్యాక చూస్తే పెరడు బోసిగా కనిపించింది.

“ఏటే అమ్మాయ్,” అంది అత్తయ్య, “ఆయన పిల్లనడగడానికొస్తన్నాడా, ఫీజు తగ్గించడానికొస్తన్నాడా?”

“ఎందుకొచ్చినా మర్యాద మర్యాదే కదా అత్తయ్యా! ఇలాంటి ఇంటి కుర్రాడికా సీటిచ్చాం అనుకోరూ?”

పక్కింటి పైడమ్మత్త చెరకు రైతు. ఆవిడ గేదెని అడిగాను.

“తోలుకెళ్ళు కోడలుపిల్లా. నీకంటే ఎక్కువేటి! గానీ అది శానా పెంకిది. ఒట్టి గడ్డేస్తే మొకం తిప్పేస్తాది. కాస్త మంచిగా సూసుకో.”

మంచిగా చూసుకున్నాను. తవుడు, బెల్లం కలిపిన కుడితి, నిన్నటి పాయసం కూడా పెట్టాను. అది నన్ను చూసిన చూపు ఈ జన్మలో మరిచిపోలేను. కన్నతల్లిని చూసినట్టు చూసింది.

మేష్టారు వచ్చారు. బక్కపల్చని మనిషి, లావుపాటి కళ్ళజోడు, చంకలో గొడుగు. కుర్చీలో కూర్చోబెట్టి, వెండి గ్లాసుతో మంచినీళ్ళిచ్చి, వంకాయ పులుసు, ముద్దపప్పు, అప్పడాలతో భోజనం వడ్డించాను. గడియారానికి మా గోడ నచ్చలేదో ఏమో, మిట్టమధ్యాహ్నం నాలుగు కొట్టింది. ఆయన ఉలిక్కిపడి పెరట్లోకి చూశారు.

“పాడి కూడా ఉందన్నమాట!”

“ఉందండీ!”

“పాలు ఎంతిస్తుందమ్మా?”

“ఎంత పిండితే అంతండీ!”

ఆయన వెనకాల స్తంభం పక్క నుంచి సత్యం రెండు చేతులూ తెగ ఊపుతున్నాడు. నెయ్యి చాలలేదని సైగ చేస్తున్నాడనుకుని మేష్టారికి మరో గరిటె వేశాను. వాడు తల బాదుకున్నాడు. అయితే ఇంకా కావాలి కాబోలని మరోటి వేశాను.

మేష్టారు సంతృప్తిగా వెళ్ళిపోయారు. ఆ సంతృప్తి ఎంత ఖరీదైనదో కొన్నాళ్ళకి తెలిసింది.

కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే సత్యం చదివి తెలుగులో చెప్పాడు. “కుటుంబ పరిస్థితి సంతృప్తికరంగా ఉన్నది...”

నేనిక ఆగలేదు. “విన్నారా అత్తయ్యా! మన ఇంటికి ఎంత మంచి పేరొచ్చిందో!” అని దేవుడి దగ్గర దీపం వెలిగించి, ఉండ్రాళ్ళకి బియ్యప్పిండి కూడా తీశాను.

“వదినా,” అన్నాడు సత్యం మెల్లగా, “ఇంకా ఉంది. ‘కావున ఫీజులో సగం మాత్రమే మాఫీ. హాస్టలుకి సాయం చేయలేము.’”

“అదేమిటి? సంతృప్తికరం అంటే మంచి మాటే కదా?”

“మాట మంచిదే. డబ్బే మనం కట్టుకోవాలి.”

పిండి పళ్ళెం చేతిలో అలాగే ఉండిపోయింది. అత్తయ్య నా వైపు చూసి, “గడియారం కూడా పెట్టేవు కదే! ఆ కరణానికే లేదు ఇంత వైభోగం!” అంది.

మావారు క్యాంపు నుంచి వచ్చి ఉత్తరం తిరగేశారు. “ఏటిది? మనకి పాడి ఉందని రాసేరు?”

నేను ఇంటి దూలాలు చూడసాగాను.

“నిన్నే! పెరట్లో నాలుగు వంకాయ మొక్కలు తప్ప గడ్డిపరక లేదు. పాడెక్కణ్ణుంచొచ్చింది?”

“పైడమ్మత్త పెరట్లోంచండీ.”

మావారు కోప్పడే మనిషి కాదు. అందుకు ఆ దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక, “మేష్టారు కాలేజీ పని మీద మళ్ళీ చీడికాడ వచ్చారట, తిరిగెళ్తూ మన ఊళ్ళోనే బస్సు మారతారట. సత్యాన్ని పంపి పిలిపిస్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. నువ్వు మాత్రం ఏమీ చెయ్యకు” అన్నారు.

భర్త మాట జవదాటకూడదని నాకు తెలియదా? తెలుసు. కానీ చేసిన తప్పు దిద్దుకోవద్దూ! ఈసారి మా సొంత బల్లని పెరట్లో దాచాను. ఇత్తడి బిందె, గిన్నెలు అటకెక్కించాను. చిరిగిన చాప వెతికి పరిచాను. అది మరీ చిరగలేదని నేనే ఇంకాస్త చింపాను.

“బిందె కూడా దాచేస్తే ఆయనకి నీళ్ళు దోసిట్లో పోస్తావేటే?” అంది అత్తయ్య.

మేష్టారు వచ్చి ఆ చాప మీద కూర్చుని నాలుగు వైపులా చూశారు. దొంగలు పడ్డ ఇంట్లోకి వచ్చినట్టుంది ఆయన ముఖం. మావారు గొంతు సవరించుకుని, “అయ్యా, అసలు సంగతేమిటంటే...” అన్నారు.

అప్పుడే పెరట్లో ఏదో బరబరా ఈడ్చుకొస్తున్న చప్పుడు. తలుపు నెట్టుకుని ఒక నల్లటి మొహం లోపలికి వచ్చింది. తెంపుకున్న పలుపు మెడలో, పీకిన గుంజ వెనకాల. తిన్నగా నా దగ్గరికి వచ్చి చెయ్యి నాకింది. పాయసానికి!

వెనకాలే పైడమ్మత్త పరుగు. “ఓలమ్మో, మా గేదె! కోడలుపిల్లా, మొన్న నీకు అరువిచ్చినకాడ్నుంచీ దీనికి మా కుడితి ఆనట్లేదే! ఏటి పెట్టేవో గానీ...” అంటూ మేష్టారిని చూసి కొంగు సర్దుకుంది. “దండాలు బాబూ! ఇదేటే, మేష్టారిని నేల మీద కూకోబెట్టేవు? పంతులుగారి కుర్చీలు అప్పుడే అట్టుకుపోనారేటి?”



ఇక దాచేదేముంది? కళ్ళనీళ్ళతో అన్నీ చెప్పేశాను. కుర్చీలు ఎవరివో, గడియారం ఎవరిదో, చాప ఎవరు చింపారో కూడా. “మావాడి తప్పేం లేదండీ. వాడు చేతులూపాడు. నేనే నెయ్యి పోశాను.”

మేష్టారు నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళజోడు ఊడి ఒళ్ళో పడినా ఆపలేదు. చివరికి కళ్ళు తుడుచుకుని, “పిచ్చితల్లీ, మీ ఆయన జీతం దరఖాస్తులోనే ఉంది. ఆ జీతానికి సగం ఫీజే మాఫీ. గేదె సంగతి నేను రాస్తే ఉత్తరంలోకి ఎక్కింది గానీ కమిటీ వారు దాన్ని ఫీజు లెక్కలోకే తీసుకోలేదు. ఉన్నా అంతే, లేకపోయినా అంతే!” అన్నారు.

అంటే నా కుర్చీలు వృథా, నా చిరుగులూ వృథా!

“మరి హాస్టలు బాబూ?” అంది అత్తయ్య.

“అది ఏమీ లేనివాళ్ళకమ్మా. చీడికాడ వైపు ఒక కుర్రాడున్నాడు, తండ్రి పోయాడు, తల్లి కూలికెళ్తుంది. పూర్తి సాయం వాడికిచ్చాం. మీరు మధ్యన ఉన్నారు.”

“మద్దెనుండడం మా తప్పేటి బాబూ?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు. ఆ చీడికాడ కుర్రాడి మాట విన్నాక నాకు మాత్రం మనసు తేలికపడింది. వాడి నోటి దగ్గర ముద్ద నా వల్ల జారిపోలేదు కదా, అదే పదివేలు. కానీ మా సత్యం తల వంచుకుని చాపలో పుల్లలు లాగుతున్నాడు. వాడి చుట్టూ అప్పుడే అనకాపల్లి ఈగలు ముసురుతున్నట్టు అనిపించింది.

మేష్టారు వాడినే చూస్తూ, “అమ్మా, ఆ రోజు తిన్న వంకాయ పులుసు కూడా అరువేనా?” అన్నారు.

“అయ్యో, కాదండీ! వంకాయలు మా పెరటివే, పులుసు నా చేతిదే.”

“అయితే మంగళవారం నాది. అబ్బాయ్, వారాలు చేసుకుంటావా? మంగళవారం మా ఇంట్లో భోంచెయ్యి. మిగతా రోజులకి తోటి మేష్టర్లను నేనడుగుతాను. పడుకోవడానికి నలుగురు కుర్రాళ్ళు కలిసి తీసుకున్న గది ఒకటుంది.”

అలా రోజుకో ఇంటి చొప్పున తిని చదువుకున్నవాళ్ళు ఆ రోజుల్లో ఎందరో. సత్యం నోరు తెరిచే లోపలే అత్తయ్య, “సేసుకుంటాడు బాబూ, సేసుకుంటాడు!” అనేసింది. మిగిలిన సగం ఫీజు సంగతి మావారు చూసుకుంటామన్నారు. గేదె సంతోషంతో అరిచింది. లేదా పాయసం కోసం అరిచింది.

దసరా సెలవులకి సత్యం ఒళ్ళు చేసి వచ్చాడు.

“మొదటి మంగళవారం మేష్టారింటికెళ్తే ఏం వైభోగం వదినా! పీట వేసి, వెండి కంచంలో వడ్డించేరు అమ్మగారు. ఇంత గొప్పవాళ్ళా అని బెదిరిపోయేను. పెరుగన్నంలోకి వచ్చేసరికి పక్కింటావిడొచ్చి, ‘పిన్నిగారూ, మా అల్లుడొచ్చేడు, మా వెండి కంచం ఇస్తారా?’ అంది. కంచంలో నేనింకా తింటన్నాను!”

“మరి మేష్టారేం చేశారురా?”

“ఏం చేస్తారు? నీలాగే ఇంటి దూలాలు చూసేరు.”

ఆ సాయంత్రమే వినాయకుడి ఎదుట నిలబడి, చెంపలు వేసుకుని, ఇక ఈ జన్మలో గేదెని అరువు తేనని ప్రమాణం చేశాను. ఇవాళ్టి దాకా ఆ మాట తప్పలేదు. కుర్చీల సంగతి స్వామి అడగలేదు, నేనూ చెప్పలేదు.