వీధి మారిన క్లినిక్

ఈమధ్యే పోయిన మా అక్క రంగుల ఫ్యాక్టరీలో సేవా విభాగం చూసేది. విభాగమంటే మెట్ల కింద గది, అందులో తనొక్కతే. రంగుపొడి పీల్చి రిటైరైన కార్మికుల కోసం వెనకవీధిలో ఉచిత క్లినిక్ నడిపేది. ఖర్చు తగ్గించాలంటే ముందు దానిమీదే కత్తి పడేది. అందుకే సేవను వ్యాపార ప్రణాళికలోనే కలపమని యజమాని చెవినిల్లు కట్టుకుని పోరింది.

చివరికి ఆయన ఒప్పుకున్నాడు.

"నువ్వన్నట్టే కలిపేశామమ్మా. ఇకనుంచి క్లినిక్ మన రంగులు కొనే కాలనీలో పెడుతున్నాం."

సామాను లారీకెక్కుతుంటే, ఎప్పుడూ వచ్చే ముసలి కార్మికుడొకాయన దగ్గుతూ వచ్చి నిలబడ్డాడు.

"ఏం తల్లీ, మా దగ్గుకి గిరాకీ లేదా?"

అక్క ఆయన చేయి పట్టుకుని, ఖాళీ అయిన క్లినిక్ గడప మీద కూర్చుంది.