నాయనమ్మ పెట్టిన ఉత్తుత్తి కాన్పు

ఆడపిల్ల. మా అమ్మాయికి ఇవాళ పొద్దున, ఎండ ముదరకముందే, ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. నరసరావుపేటలో ఆస్పత్రి వరండా బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. మా వంశంలో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. ఆ రిజల్టు వచ్చిన రోజున కూడా ఇంత సంతోషం, ఇంత దడ కలిసి రాలేదు. అందరికీ ఫోన్లు చెయ్యాలి. కానీ ముందు మా నాయనమ్మ సంగతి చెప్పకపోతే నాకు మనసు నిలవదు.

నా చిన్నప్పుడు మేము రొంపిచెర్ల దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్ళం. కోతలైపోయి, ఊరి చుట్టూ కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్న రోజులవి. మా మేనత్త తొలికాన్పుకని పుట్టింటికి వచ్చింది. నెలలు నిండటానికి ఇంకా కొంత టైముంది. మాకు పెద్దత్త కూడా ఒకామె ఉండేదని పిల్లలందరికీ తెలుసు. ఆమె ఎట్లా పోయిందో మాత్రం ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. అడిగితే నాయనమ్మ లేచి దొడ్లోకి వెళ్ళిపోయేది.

అప్పట్లో కాన్పులన్నీ ఇంట్లోనే. ఎవరి పని ఏమిటో తమకు తెలుసని ఇంట్లో అందరికీ ధీమా. ఏదైనా తేడా వస్తే బండి కట్టుకుని నరసరావుపేట పోతాననేవాడు నాన్న. కాన్పులు చేసే ముసలమ్మను పిలుచుకొచ్చే పని బాబాయిది. వేణ్ణీళ్ళు అమ్మ చూసుకుంటుంది. నాకు కూడా ఒక పనుంది. నొప్పులు మొదలైతే ఇంట్లో ముడులన్నీ విప్పాలి. జడలు విప్పాలి, పెట్టెల మూతలు తెరవాలి, తాళాలు తియ్యాలి. బయట ముడులు వీడితే లోపల తల్లికీ తొందరగా వీడుతుందని మా వైపు నమ్మకం. ఆ పని నాయనమ్మ నాకు అప్పజెప్పింది. నాకది కలెక్టరు ఉద్యోగంతో సమానం.

ఒక మధ్యాహ్నం అన్నాలు తిని అందరూ నడుం వాల్చారు. ఉన్నట్టుండి నడింట్లోంచి అత్త అరిచింది. అట్లాంటి అరుపు నేనెప్పుడూ వినలేదు.

తర్వాత జరిగినదంతా ఇప్పటికీ నా కళ్ళముందు కదులుతుంది. నాన్న కొట్టంలోకి పరిగెత్తాడు. బండి మొగం గోడవైపుకి ఉంది. వెనక వరిగడ్డి మోపులు అడ్డం. ఎద్దుల్లో ఒకదాన్ని పొద్దున్నే ఎవరికో పనికి ఎరువిచ్చారు. నాన్న ఆ ఒంటి ఎద్దును పట్టుకుని అక్కడక్కడే గిర్రున తిరుగుతున్నాడు. బాబాయి ముసలమ్మ ఇంటికి పోతే తలుపుకి తాళం. ఆమె కూతురింటికి పోయి అప్పటికే రెండ్రోజులైందట. ఇంకెక్కడికి పోవాలో తెలియక ఉట్టిచేతులతో తిరిగొచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అమ్మ నీళ్ళ బిందె పొయ్యి మీద పెట్టి, అగ్గిపెట్టె కోసం ఇల్లంతా వెతుకుతోంది. అది ఆమె నడుం దగ్గరే దోపి ఉంది.

నేను మాత్రం నా పని మొదలుపెట్టాను. నా జడ విప్పాను. బట్టల తీగె ముడి విప్పాను. ఉతికిన పంచెలన్నీ దుమ్ములో పడ్డాయి. నులక మంచం తాడు విప్పాను. ఇంకేం ముడులున్నాయా అని చూస్తే, గుంజకు గేదె పలుపు కనపడింది. అది కూడా విప్పాను. గేదె తాపీగా వాకిలి దాటి, ఎదురుగా ఉన్న కళ్ళంలోకి పోయి, ఆరబోసిన మిరపకాయల మధ్య తొక్కుకుంటూ తిరిగింది. కాసేపటికి ఘాటు లేచి వీధి వీధంతా తుమ్ములు. కళ్ళం కాపలా ఉన్న, ఊరి వరసకు మామ అయ్యే ఆయన తుమ్ముతూనే మా ఇంటిమీదికి వచ్చాడు.

అప్పుడు నడింటి తలుపు తెరుచుకుంది. నాయనమ్మ వచ్చి అరుగు మీద కూర్చుని వక్క నోట్లో వేసుకుంది. ఆమె వెనక అత్త, పొట్ట మీద చెయ్యి వేసుకుని, నవ్వు ఆపుకుంటూ గడప పట్టుకుని నిలబడింది. నొప్పుల్లేవు, ఏమీ లేవు.

ముందు తేరుకున్నది నాన్న.

"ఏందమ్మా ఈ పరాచికాలు? గుండాగి చచ్చేవాణ్ణి గదా."

"ఇయ్యాల ఆగినా పర్లేదురా. అసలు రోజు ఆగకుండా ఉంటే చాలు," అంది నాయనమ్మ. అత్త ఇంకా నవ్వుతూనే ఉంది. నాయనమ్మ మొహంలో మాత్రం నవ్వు లేదు. కొట్టంవైపు చూస్తూ మెల్లగా చెప్పింది. "నీ అక్క కాన్పప్పుడు గూడా బండుంది. ఎద్దులున్నయ్. ఇంటినిండా మనుషులున్నరు. ఎవురు ఏం చెయ్యాల్నో ఎవురికీ తెలవలా. బండి ఇటు తిప్పేలోపల నా పిల్ల పోయింది."

అత్త నవ్వు ఆగిపోయింది. తుమ్ముతున్న మామ కూడా పైపంచె నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు. మా పెద్దత్త ఎట్లా పోయిందో నాకు తెలిసింది ఆ మధ్యాహ్నమే. మనుషులు లేక కాదు, ప్రేమ లేక కాదు, బండి మొగం గోడవైపుకి ఉన్నందుకు పోయింది.

గేదె సంగతికి నాకు దెబ్బలు తప్పవనుకున్నాను. నాయనమ్మ నన్ను దగ్గరకు పిలిచి, విప్పిన నా జుట్టు చేత్తో సవరించింది. "నువ్వొక్కదానివే చెప్పిన పని చేశావే. పలుపు ఇప్పొద్దని చెప్పనిది నేను," అంది.

మర్నాడే బాబాయిని పంపి హెల్తు సెంటరు నర్సమ్మను పిలిపించింది. ఇంటిల్లిపాదినీ, మగవాళ్ళతో సహా, చాప మీద కూర్చోబెట్టింది. నొప్పుల్లో ఎట్లా ఊపిరి తియ్యాలో, ఏ గుర్తు కనపడితే ఇంట్లో ఉండకూడదో నర్సమ్మ చెబుతుంటే అందరికంటే ముందు కూర్చుని విన్నది నాయనమ్మే. పక్కింటి అవ్వ గోడ మీదనుంచి ఎగతాళి చేసింది, ఊళ్ళో సగం కాన్పులు చూసినదానివి నీకు పాఠాలేందే అని. "నే చూసినయ్యి నాకు తెలుసులే. చూడనియ్యి తెలవద్దా?" అంది నాయనమ్మ. ఆ రోజునుంచి మా బండి మొగం వాకిలికే. అసలు కాన్పు ఇంట్లోనే సులువుగా అయింది. మగపిల్లాడు. బండి కదల్లేదు. అయినా అది దండగని ఎవరూ అనలేదు.

ఇంత చూసినదాన్ని, నా కూతురి దగ్గరకొచ్చేసరికి అంతా మర్చిపోయాను.

మా అమ్మాయి కాన్పుకు నరసరావుపేటలో నా దగ్గరికి వస్తూనే, ఇంట్లోనే కంటానంది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, ఇప్పటికి అంతా బాగానే ఉంది, ఆస్పత్రికి దగ్గర్లోనే ఉన్నారు కాబట్టి చూద్దాం అంది. కాన్పులు చెయ్యడంలో ట్రైనింగ్ పొందిన మిడ్‌వైఫ్ ఒకామె ఇంటికి రావడానికి ఒప్పుకుంది. ఒక్కటే చెప్పింది, ఆదివారాలు కాన్పు క్లాసులకి రండి, అల్లుడూ అమ్మా కూడా రావాలి అని. మా అమ్మాయికది నచ్చలేదు.

"క్లాసులు ఆస్పత్రిలో కనేవాళ్ళకమ్మా. ఇంట్లో కనేదానికి క్లాసేంది? మీ నాయనమ్మ ఏ క్లాసుకి పోయింది?"

వియ్యపురాలైతే ఫోన్లో ఒకటే నవ్వు. కనడం కూడా ట్యూషన్ పెట్టించుకుని నేర్చుకుంటారా వదినా, అని. నిజం చెప్పాలంటే నాకూ అవసరం కనపడలేదు. జువాలజీ చదివినదాన్ని, బిడ్డ ఎట్లా పుడుతుందో నాకొకరు చెప్పాలా అనుకున్నాను.

ఆ సాయంత్రం మా అల్లుడు వచ్చి కారు లోపల పెట్టాడు. నేను కాఫీ తీసుకుని వరండాలోకి వచ్చాను. కారు మొగం గోడవైపుకి ఉంది. వెనక పక్కింటివాళ్ళ బైకు అడ్డం. నాటి అరుపు మళ్ళీ చెవిలో పడింది. గ్లాసు చేతిలో ఉండగానే అక్కడే మెట్ల మీద కూలబడ్డాను.

ఏమైందని అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "మా నాయనమ్మ పోయిందే క్లాసుకి. క్లాసునే ఇంటికి తెచ్చింది," అన్నాను. ఉత్తుత్తి కాన్పు, గేదె, పెద్దత్త, అన్నీ చెప్పాను. గేదె దగ్గర నవ్వింది, పెద్దత్త దగ్గర నా చెయ్యి పట్టుకుంది. తర్వాత మొగుడివైపు తిరిగి, "ముందు ఆ కారు తిప్పి పెట్టు," అంది.

ముగ్గురం క్లాసులకి వెళ్ళాం. నొప్పి వచ్చినప్పుడు నడుం ఎక్కడ నొక్కాలో అల్లుడు నేర్చుకున్నాడు. ఇంట్లో కనేవాళ్ళకే ఇది ఎక్కువ అవసరమని అక్కడ మేడం చెప్పింది. గంట కొడితే పరిగెత్తుకొచ్చే మనుషులు ఇంట్లో ఉండరు కదా. ఏది జరిగితే మీరేం చేస్తారు అని ఒక్కొక్కరినీ అడిగింది. నా వంతు వచ్చేసరికి, డిగ్రీ చదివిన నేను మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాను.

నిన్న సాయంత్రం నొప్పులు మొదలయ్యాయి. మిడ్‌వైఫ్ వచ్చింది. చాలాసేపు అంతా బాగానే జరిగింది. ఉమ్మనీరు పోయింది. నేను చూశాను. పచ్చగా ఉంది. బిడ్డ లోపలే దొడ్డికి పోయిందనడానికి అదే గుర్తని క్లాసులో చెప్పారు. మిడ్‌వైఫ్ నోరు తెరవకముందే మా అమ్మాయి అంది, "పచ్చగా ఉంది గదమ్మా. ఇంక ఇంట్లో వద్దు. పోదాం."

ఇల్లంటే ప్రాణం పెట్టిన పిల్ల ఆ మాట అంత నెమ్మదిగా అనడం చూసి నేను నిలువునా చలించిపోయాను. ఎవరూ అరవలేదు. అల్లుడి చేతిలో సంచి, నా చేతిలో ఫైలు. దారిలోంచే మిడ్‌వైఫ్ ఆస్పత్రికి ఫోన్ చేసింది. కారు మొగం రోడ్డుకే ఉంది. బిడ్డ పుట్టిన వెంటనే ఏడవలేదు. ఆ కాసేపు నేను ఎక్కడున్నానో నాకు తెలియదు. తర్వాత ఏడ్చింది, వరండా అదిరేట్టు. నర్సు బయటికొచ్చి, "అమ్మా, జుట్టు ముడేసుకోండి, అంతా అయిపోయింది," అని నవ్వింది. ఎప్పుడు విప్పుకున్నానో నాకే తెలియదు.

ఆస్పత్రిలోనే కనేదానికి అన్ని ఆదివారాలు తిరిగారా అని ఎవరైనా అంటారు. అననీ. ఎక్కడ కనాలన్నది తర్వాత సంగతి, బండి మొగం ఎటుందో ముందు చూసుకో. ఆ మధ్యాహ్నం నుంచి నేను మోస్తున్నది ఇంతే. మధ్యలో కొన్నాళ్ళు ఎక్కడో పెట్టి మర్చిపోయాను. ఇంక మర్చిపోను.

ఇంక ఫోన్లు. వియ్యపురాలికి, ట్యూషన్ పాసయ్యామని. క్లాసు మేడంకి. నూజెండ్లలో ఉన్న మా అత్త కొడుక్కి, అప్పట్లో మా ఇంట్లో పుట్టినవాడు వాడే. కాలేజీలో నా పక్కన కూర్చున్న స్నేహితురాలికి. పక్కింటి అక్కకు అర్జెంటుగా, ఇంటికి తాళం వెయ్యకుండా వచ్చేశాం. అందరికంటే చివర సత్తెనపల్లిలో మా మేనత్తకు. చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి ఈసారి అరవాల్సింది నేను. ఇది ఉత్తుత్తిది కాదత్తా, అసలుదే అని.